మూలల్లో, అంచుల వెంట డీటెయిల్ శాండర్: ఒక పాత టేకు తలుపుతో మొదలుపెట్టి

బల్లచెక్క మధ్యభాగాన్ని నున్నగా రుద్దడానికి పెద్ద నేర్పేమీ అక్కర్లేదు. మిషన్ పెట్టి అటూ ఇటూ తిప్పితే అదే నునుపవుతుంది. అసలు పని పాత ఇంటి తలుపులో పలక, చట్రం కలిసే లోపలి మూలకి వచ్చాకే తెలుస్తుంది. గుండ్రటి శాండర్ (చెక్కని రుద్దే మిషన్) ఆ మూలలోకి పోదు. చేత్తో రుద్దుదామంటే వేళ్ళు పట్టవు. వదిలేస్తే పాలిష్ వేశాక మిగతా తలుపంతా మెరుస్తూ ఆ నాలుగు మూలలే నల్లగా కనిపిస్తాయి.

ఈ చోటు కోసమే డీటెయిల్ శాండర్ అనే చిన్న మిషన్ ఉంది. కొన్ని దుకాణాల్లో మౌస్ శాండర్ అంటారు, ఇంకొన్నిచోట్ల డెల్టా శాండర్ అంటారు. చూడటానికి బుల్లి ఇస్త్రీపెట్టెలా ఉంటుంది, ముందు ముక్కు, వెనక వెడల్పు. మా ఇంటి సింహద్వారం నాలుగు పలకల టేకు తలుపు. దాన్ని బాగుచేస్తూ నేను నేర్చుకున్నదీ, చెడగొట్టి నేర్చుకున్నదీ కలిపి వరసగా రాస్తున్నాను. నా లెక్కలో మూల పని అంటే మిషన్‌ని ఎక్కడిదాకా పోనివ్వాలి, ఎక్కడ ఆపాలి అన్నదే. మిగతాదంతా దానికి సిద్ధపడటం.

మిషన్ లోపల ఏం జరుగుతుంది

కాగితం అంటించే ముక్కోణపు మెత్త (ప్యాడ్) తన చుట్టూ తాను తిరగదు. నిమిషానికి పది వేలకు పైగా చిన్న చిన్న చుట్లు చుడుతూ వణుకుతుంది. ఒక్కో చుట్టు వెడల్పు మహా అయితే ఒకటి రెండు మిల్లీమీటర్లు. ఈ సంగతి గుర్తుంచుకుంటే సగం తప్పులు జరగవు. ముక్కుని మూలకి ఆనించి నొక్కి పట్టామనుకోండి, అది పక్క గోడని, అంటే పక్కనున్న చట్రం అంచుని, సెకనుకి నూట యాభై సార్లకు పైగా పొడుస్తుంది. ఐదు క్షణాల్లో చట్రం మీద వరసగా నొక్కులు పడతాయి. అవి రంగు వేసేదాకా కంటికి ఆనవు. వేశాక మాత్రం వాటినే చూస్తూ కూర్చుంటాం.

ఆసిలేటింగ్ మల్టీటూల్ (రకరకాల ముక్కలు తగిలించుకునే చేతి మిషన్) ఇప్పటికే ఇంట్లో ఉంటే దానికి ముక్కోణపు శాండింగ్ మెత్త తగిలించుకోవచ్చు. దాని కదలిక వేరు, చుట్లు చుట్టకుండా పక్కలకి ఊగుతుంది. ముక్కు ఎక్కువ దూరం ఊగుతుంది కాబట్టి పక్క గోడకి మరింత ఎడం ఇవ్వాలి. ఒక్క తలుపు కోసం కొత్త మిషన్ కొనడం దండగ అనుకుంటే ఇది చాలు. రోజంతా చేసే పనికి మాత్రం చెయ్యి తిమ్మిరెక్కుతుంది.

అమెరికా నుంచి వచ్చే బంధువుతో మిషన్ తెప్పించుకునే వాళ్ళకి ఒక మాట. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. ప్లగ్గు మార్చి పెడితే మోటారు కాలిపోతుంది. తగిన ట్రాన్స్‌ఫార్మర్ కొని వాడేకంటే ఇక్కడే మిషన్ కొనుక్కోవడం నయం.

కాగితం: కొనడం, కత్తిరించడం

వెల్క్రోతో అంటుకునే ముక్కోణపు కాగితాలు పెద్ద ఊళ్ళలో, ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. చిన్న ఊళ్ళో హార్డ్‌వేర్ షాపుకి వెళ్తే 5 అంగుళాల గుండ్రటి వెల్క్రో కాగితాలే ఉంటాయి. ఇబ్బందేం లేదు. డెల్టా మెత్తల్లో బాగా వాడుకలో ఉన్న కొలత ఒక్కో వైపు 93 మిల్లీమీటర్లు. ఆ ముక్కోణం పట్టే వృత్తం అడ్డుకొలత 107 చిల్లర మిల్లీమీటర్లు. 5 అంగుళాల బిళ్ళ 125 మిల్లీమీటర్లు. అంటే ఒక బిళ్ళలోంచి ఒక ముక్కోణం హాయిగా వస్తుంది. మిగిలిన వంపు ముక్కలు పారేయకండి, చివర్లో చేతిపనికి కావాలి. ఇస్త్రీపెట్టె ఆకారం మెత్తకి ఈ లెక్క సరిపోదు, పాత కాగితాన్ని పెట్టి గీసుకోవాలి. కత్తిరించాక మెత్తకి అంటించి, దుమ్ము లాగే రంధ్రాల దగ్గర మేకుతో కాగితానికి చిల్లులు పొడవండి. చిల్లు లేకపోతే దుమ్ము కాగితం కిందే ఉండిపోయి చెక్కని గీస్తుంది.

కాగితం కొస మెత్త కొసతో సమానంగా ఉండాలి. మూలలోకి ఇంకాస్త పోతుందని కొందరు కొసని బయటికి వదులుతారు. ఆ వదిలిన అంచే మడత పడి పక్క చెక్కని గీకుతుంది. కొస అరిగిపోగానే ముక్కోణపు కాగితాన్ని ఊడదీసి మూడోవంతు తిప్పి పెట్టండి, కొత్త కొస ముందుకి వస్తుంది. ఒక్క కాగితానికి మూడు కొసలు, అంటే మూడు మూలల పని.

నంబర్ల సంగతి. నంబరు ఎంత పెద్దదైతే కాగితం గరుకు అంత తక్కువ. పాత వార్నిష్ ఉన్న టేకుకి 80తో మొదలు, తర్వాత 120, చివర 180. 60 నంబరు మూలల్లో వాడకండి. అది వేసిన గీతలు ఆ ఇరుకులో 120కి చచ్చినా పోవు. మధ్యలో ఒక నంబరు ఎగరగొడితే టైము కలిసొస్తుందనిపిస్తుంది గానీ, 80 గీతల్ని 180తో తీయడానికి పట్టే టైములో 120 రెండుసార్లు వేయొచ్చు.

మొదలుపెట్టే ముందు: ఆ పూత ఏమిటో తెలుసుకోండి

దీని మీద కాసేపు ఆగుతాను, ఎందుకంటే ఇక్కడే ఆరోగ్యం సంగతి ఉంది.

దూది మీద కాస్త స్పిరిట్ వేసి తలుపు వెనక మూలలో రుద్దండి. పూత జిగురుగా కరిగి దూదికి అంటుకుంటే అది లక్కతో చేసిన ఫ్రెంచ్ పాలిష్. దాన్ని శాండర్‌తో తీయడం తెలివితక్కువ పని. వేడికి కరిగి కాగితానికి బంకలా అంటుకుంటుంది. స్పిరిట్, పాత గుడ్డ, మూలల్లోకి పాత టూత్‌బ్రష్ తీసుకుని తుడిచేయండి. మూల పనిలో మూడొంతులు అక్కడే అయిపోతుంది. స్పిరిట్ పక్కన అగ్గిపుల్ల, దీపం, బీడీ ఉండకూడదని వేరే చెప్పక్కర్లేదు.

అది రంగయితే, అందులోనూ పాత ఎనామిల్ అయితే, ఆగండి. ఇళ్ళకి వేసే రంగుల్లో సీసం పది లక్షల భాగాలకి 90 భాగాలు దాటకూడదని మన దేశంలో 2016లో నిబంధనలు తెచ్చారు. అవి 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అంతకు ముందు వేసిన రంగుల్లో, ముఖ్యంగా మెరిసే పసుపు, ఎరుపు, ఆకుపచ్చ ఎనామిళ్ళలో సీసం ఎంతైనా ఉండొచ్చు. అలాంటి రంగు మీద శాండర్ పెడితే ఆ సీసం సన్నటి పొడై ఇల్లంతా పరుచుకుంటుంది. పాకే పిల్లలు, గర్భిణులు ఉన్న ఇంట్లో అది విషమే. పరీక్ష చేయించకుండా సీసం లేదని అనుకోవద్దు. ఉందనిపిస్తే పెయింట్ రిమూవర్‌తో మెత్తబరచి గీకి తీయాలి. గీకిన పొట్టుని కవర్లో మూట కట్టాలి, నేలని తడిగుడ్డతో తుడవాలి. చీపురుతో ఊడిస్తే లేచిన పొడి మళ్ళీ మన ముక్కులోకే వస్తుంది. హీట్ గన్‌తో కాల్చి తీయడం కూడా ఈ రంగుకి పనికిరాదు. తడిపి రుద్దాలంటే చేత్తోనే, కరెంటు మిషన్‌కి నీళ్ళ దగ్గర పని లేదు.

రంగు లేని ఒట్టి చెక్క దుమ్ము కూడా మంచిదేం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కిందుండే క్యాన్సర్ పరిశోధనా సంస్థ చెక్క దుమ్ముని క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో చేర్చింది. టేకు, రోజ్‌వుడ్ పొడికి కొందరికి ఒళ్ళంతా దురద వస్తుంది, ఆయాసం కూడా వస్తుంది. ఎన్95 మాస్కు, కళ్ళద్దాలు పెట్టుకోండి. ముఖానికి తువ్వాలు చుట్టుకుంటే పొడి ఆగదు.

తలుపు దింపడం, మూలలు కట్టుకోవడం

తలుపుని బందుల నుంచి ఊడదీసి రెండు బల్లల మీద పడుకోబెట్టండి. నిలబెట్టి ఉన్న తలుపు మీద మిషన్ బరువు ఒక వైపుకి లాగుతుంది, ముక్కు అనుకోని చోట దిగుతుంది. గడియ, గొళ్ళెం, హ్యాండిల్ అన్నీ తీసేయండి. పైకి తేలిన మేకుల్ని లోపలికి దిగగొట్టండి, ఒక్క మేకు తల చాలు కాగితాన్ని చీల్చడానికి.

ఇప్పుడు పక్క గోడల్ని కాపాడుకోవాలి. పలక రుద్దుతున్నప్పుడు దాని చుట్టూ ఉన్న చట్రం లోపలి అంచుకి మాస్కింగ్ టేపు రెండు వరసలు వేయండి. టేపు ఒక్కటే సరిపోదు, ముక్కు దాన్ని క్షణంలో చీలుస్తుంది. లప్పం పూసే పల్చటి స్టీలు పట్టీ ఎడమ చేత్తో పట్టుకుని గోడకి ఆనించి అడ్డం పెట్టండి. మిషన్ దానికి తగిలినా చెక్కకి ఏమీ కాదు. నాకు ఈ కిటుకు చెప్పింది మా వీధిలో పాలిష్ పని చేసే మేస్త్రి. "మిషన్ నీది, గోడ పక్కోడిది అనుకో బాబూ" అన్నాడు నవ్వుతూ.

చివరగా పెన్సిల్‌తో మూలలో, అంచు వెంట వంకరటింకర గీతలు గీయండి. ఆ గీతలు సమానంగా పోయాయంటే కాగితం అంతటా సమానంగా ఆనిందని అర్థం. మధ్యలో పోయి మూలలో మిగిలాయంటే అక్కడికి ఇంకా చేరలేదన్నమాట.

మూలలోకి వెళ్ళే వరస

ముందు ఏది, తర్వాత ఏది అన్నది ముఖ్యం. తలుపు చట్రంలో నిలువు చెక్కలు పై నుంచి కిందిదాకా సాగుతాయి, అడ్డ చెక్కలు వాటి మధ్య వచ్చి ఆగుతాయి. అతుకు దగ్గర ఒకదాని నార (చెక్క పొడవునా సాగే పోగుల దిశ) రెండోదాని నారకి అడ్డంగా ఉంటుంది. అడ్డ చెక్కని రుద్దేటప్పుడు ఎంత జాగ్రత్తగా ఉన్నా నిలువు చెక్క మీద కొన్ని అడ్డగీతలు పడతాయి. అందుకే అడ్డ చెక్కలు ముందు, నిలువు చెక్కలు తర్వాత. నిలువు చెక్కని నార వెంట అతుకు గీతదాకా రుద్దితే ఆ అడ్డగీతలు పోతాయి. తిరగేసి చేస్తే చివరికి అడ్డగీతలే మిగులుతాయి. వీటన్నిటికంటే ముందు పలకలు, ఎందుకంటే అవి లోతులో ఉంటాయి.

ఒక్కో మూలకి ఇలా:

1. మిషన్‌ని గాల్లోనే ఆన్ చేసి, వేగం అందుకున్నాక మూలకి జానెడు దూరంలో మెత్త మొత్తం ఒకేసారి ఆనేలా దించండి. ఒట్టి చెక్క అయితే వేగం ఎక్కువ, వార్నిష్ మిగిలి ఉంటే తక్కువ. వేగం పెరిగితే వేడి పెరుగుతుంది, పూత కరిగి కాగితం మూసుకుపోతుంది.

2. నార వెంట మూల వైపు జరపండి. చేతి బరువు తప్ప వేరే బలం వద్దు. నొక్కితే చుట్లు ఆగిపోయి మిషన్ ఒట్టిగా గుర్రుమంటుంది, కోత జరగదు.

3. గోడకి రెండు మిల్లీమీటర్ల దూరంలో ఆగండి. రెండు క్షణాలు. లెక్కపెట్టుకోండి, ఒకటి, రెండు. వెంటనే వచ్చిన దారినే వెనక్కి లాగండి.

4. వెనక్కి వచ్చాక పైకెత్తి, ఆ తర్వాతే ఆఫ్ చేయండి. చెక్క మీద ఉండగా ఆపితే ఆఖరి చుట్లు పంది తోకల్లాంటి మెలికలు గీస్తాయి.

5. ఒక మూలకి ఇలా నాలుగైదు సార్లు. తర్వాత పక్క మూల. ముందు మూల చల్లారాక మళ్ళీ రండి.

నేను మొదటిరోజు చేసిన తప్పు చెబుతాను. మూల లోపల పాత వార్నిష్ మొండిగా ఉందని మిషన్ వెనక భాగం పైకెత్తి ముక్కుతో పొడిచాను. వార్నిష్ పోయింది. దాంతోపాటు బొటనవేలు పట్టేంత గుంట పడింది. ఆ గుంటని సమానం చేయడానికి చుట్టుపక్కలంతా దింపాల్సి వచ్చింది, ఒక పలకకే పూట గడిచింది. పైపెచ్చు బలమంతా ముక్కు మీదే పడటంతో వేడెక్కి కొస దగ్గర వెల్క్రో కరిగిపోయింది. ఆ తర్వాత ఏ కాగితం పెట్టినా అక్కడ అంటుకోకుండా లేచిపోయేది. కొత్త మెత్త కొనాల్సి వచ్చింది. మిషన్ ఎప్పుడూ చదునుగానే ఉండాలి, దాని కొస పోనంత మేర మిగిలిపోతే మిగిలిపోనివ్వండి.

మిగిలిన ఆ రెండు మిల్లీమీటర్లు

అది చేతిపని. విరిగిన హాక్సా బ్లేడు ముక్కకి మిగిలిపోయిన కాగితం చుట్టి మూలలో గీత వెంట లాగండి. ఐస్‌క్రీమ్ పుల్లని ఏటవాలుగా కత్తిరించి కాగితం అంటించినా సరే. మొండి వార్నిష్ ఉంటే పదునైన ఉలిని నిలువుగా పట్టుకుని తనవైపు గీకితే పల్చటి పొట్టుగా లేస్తుంది. పూర్వం వడ్రంగులు పగిలిన అద్దం ముక్క అంచుతో ఇదే పని చేసేవారు. ఇప్పటికీ కొందరు పెద్ద మేస్త్రుల సంచిలో గుడ్డలో చుట్టిన గాజు ముక్క ఉంటుంది. తలుపు పలకల చుట్టూ ఉండే బీడింగ్ (అలంకారపు పట్టీ) గాడులకి కూడా చెయ్యే గతి. మిషన్ అక్కడ పెడితే ఆ వంపు రూపమే పోతుంది.

ఒక ముఖ్యమైన సంగతి. మూలలో చేత్తో ఏ నంబరుతో ముగిస్తారో, పలక మధ్యలో కూడా అదే నంబరుతో ముగించాలి. మధ్యలో 180, మూలలో 120 అయితే గరుకు చోట రంగు ఎక్కువ పీల్చుకుని మూలలు ముదురుగా కనిపిస్తాయి. నేనైతే చివర 180 కాగితం చేత్తో పట్టి మొత్తం చెక్కని ఒకసారి నార వెంట రుద్దుతాను. మిషన్ గీతలు, చేతి గీతలు అప్పుడు ఒకటిగా కలుస్తాయి.

అంచుల వెంట

మూలలో లోతుగా పోవడం ప్రమాదమైతే అంచు దగ్గర గుండ్రం కావడం ప్రమాదం. మెత్తలో సగం కంటే ఎక్కువ భాగం చెక్క బయటికి వెళ్తే మిషన్ తనంతట తానే ఒరిగి అంచుని కొరుకుతుంది. ఎప్పుడూ మూడింట రెండు వంతులు చెక్క మీదే ఉంచండి.

తలుపు మందం వైపు రుద్దాలంటే ఆ సన్నటి చెక్క మీద మిషన్ నిలకడగా ఉండదు. రెండు పక్కలా ఒక్కో పనికిరాని పట్టీని అంచుతో సమానంగా క్లాంపులతో బిగించండి. ఇప్పుడు వెడల్పు పెరిగింది, మిషన్ ఒరగదు. గుండ్రం అయితే ఆ పట్టీల అంచులే అవుతాయి. పైనా కిందా అడ్డుకోత (నార తెగిన చివరలు) కనిపించే చోట్లు చమురునీ రంగునీ స్పాంజిలా పీల్చుకుంటాయి, అక్కడ మాత్రం ఒక నంబరు పైకి వెళ్ళి 220తో ముగించండి.

వానాకాలంలో తలుపు ద్వారబంధానికి పట్టేస్తోందని చాలామంది శాండర్ తీసి అంచుని అరగదీస్తారు. తొందరపడకండి. చెక్క తేమ పీల్చి ఉబ్బింది, అంతే. శ్రావణంలో అరగదీసిన తలుపు వైశాఖానికి కుంచించుకుపోయి, సందులోంచి వీధి కనిపిస్తుంది. ఎక్కడ రాసుకుంటోందో సుద్దతో గుర్తు పెట్టుకుని, ఎండాకాలంలో కూడా రాసుకుంటేనే అక్కడ తీయండి.

ప్లైవుడ్ బీరువాలు, వార్డ్‌రోబ్ తలుపులు పూర్తిగా వేరే కథ. వాటి పైన అంటించిన వెనీర్ (పల్చటి చెక్క పొర) చాలావరకు అర మిల్లీమీటరు మందం, కొన్నిటికి అదీ ఉండదు. అంచు దగ్గర డీటెయిల్ శాండర్ ఒక్క క్షణం ఒరిగితే వెనీర్ చిరిగి కింద జిగురు పొర తేలుతుంది. చుట్టూ రంగు మారి మచ్చలా కనిపిస్తే వెంటనే ఆపండి, ఇంకా రుద్దితే మచ్చ పెరుగుతుందే గానీ పోదు. వెనీర్ మీద 180 కంటే గరుకు కాగితం వద్దు, అంచు నుంచి అంగుళం మేర చేత్తోనే.

అంచు పదును విరవడం ఆఖరిది. కత్తిలాంటి అంచు మీద పూత నిలవదు, ఆరేటప్పుడు అక్కణ్ణుంచి వెనక్కి లాక్కుంటుంది. కొన్నాళ్ళకి మొదట తెల్లబడేది అక్కడే. 220 కాగితంతో చేత్తో రెండు మూడు సార్లు ఏటవాలుగా లాగితే చాలు. ఉయ్యాల బల్ల, కుర్చీ చేతుల లాంటి వాటికి ఇంకాస్త గుండ్రం చేయాలి, మోకాలి వెనక కోసుకునే అంచు మీద ఎవరూ కూర్చోరు. ఆ వంపులకి మెత్త కింద ఫోమ్ పొర వేసే ప్యాడ్ దొరుకుతుంది, అది వాడితే వంపు చదును కాదు.

చూడటం, తుడవడం

గదిలో లైటు ఆపి, టార్చిని చెక్కకి ఆనించినంత పక్కగా పట్టి చూడండి. పగటి వెలుగులో కనిపించని మెలికలు నీడలతో సహా కనిపిస్తాయి. తర్వాత దుమ్ముని వాక్యూమ్‌తో లాగి, స్పిరిట్‌తో తడిపిన పాత నూలు చీర ముక్కతో తుడవండి. తడి ఉన్న ఆ ఒక్క నిమిషం చెక్క పాలిష్ వేసినట్టే కనిపిస్తుంది, అతుకుల దగ్గర మిగిలిన అడ్డగీతలు అప్పుడు బయటపడతాయి. టేకులో సహజంగా నూనె ఉంటుంది కాబట్టి పూత పట్టడానికి కూడా ఈ తుడుపు పనికొస్తుంది.

గంటసేపు ఆపకుండా మిషన్ పట్టుకుంటే వేళ్ళు మొద్దుబారతాయి. పావుగంటకోసారి వదిలి చేతులు దులుపుకోండి. దుమ్ము సంచి కూడా అప్పుడే ఖాళీ చేయండి, నిండిన సంచి లాగదు. వార్నిష్ పొడి నిండిన సంచిని రాత్రంతా ఇంట్లో వదలొద్దు, వేడితో కూడిన పొడి రాజుకోవచ్చు.

మొదటి కోటు వేసి ఆరాక 320 కాగితంతో మళ్ళీ రుద్దుతాం కదా, అప్పుడు మిషన్ జోలికి పోకండి. మూలల్లో పూత చేరి మందంగా ఉంటుంది, అంచుల మీద పల్చగా ఉంటుంది. మిషన్‌కి ఆ తేడా తెలియదు, అంచుని చెక్కదాకా తినేస్తుంది. మూలల్లో కాగితం మడిచి చేత్తో రుద్దండి. అంచుల మీద ఒక్కసారి తేలిగ్గా లాగి వదిలేయండి.